తాడు ముద్రల మనుషులు

మాది తాళ్ల అంగడి. జార్జిటౌనులో, ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదిగి నిలబడాల్సిన సందులో, మా మామగారి తాత కాలం నుంచీ ఉంది. కొబ్బరిపీచు మోకులు, జనపనార పురికొస, మనలి లారీల మీద సరుకు బిగించే లావు తాళ్లు, ఎన్నూరు పడవలకు వేసే నైలాను తాళ్లు, అన్నీ చుట్టలు చుట్టలుగా పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. పెళ్లై వచ్చిన కొత్తలో ఆ పీచు వాసనకు నాకు తుమ్ములు ఆగేవి కావు. ఇప్పుడు ఆ వాసన తగలని చోట ఏదో తక్కువైనట్టు ఉంటుంది. ఇల్లు పురసవాక్కంలో. కూతురు పెళ్లై కోయంబత్తూరు వెళ్లిపోయాక ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చోలేక, వంట ముగించుకుని బస్సెక్కి అంగడికి వచ్చేదాన్ని. మా ఆయన సరుకు పని మీద తిరుగుతుంటే గల్లా దగ్గర నేను కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం, ఎండకు సందంతా కునుకు తీస్తున్న వేళ, ఒక విదేశీ ఆవిడ గొడుగు ముడిచి మా మెట్టెక్కింది. నలభై దాటి ఉంటాయి. ఒత్తయిన కనుబొమలు, పెద్ద కళ్లు. జపాన్ నుంచి వచ్చానని ఆవిడే చెప్పేదాకా ఏ దేశమో పోల్చుకోలేకపోయాను. యంత్రం మీద పేనింది వద్దు, చేత్తో పేనిన నారతాడు కావాలని వచ్చీరాని తమిళంలో అడిగింది. నాలుగైదు రకాలు తీసి ముందు పెట్టాను. ప్రతిదాన్నీ వేళ్ల మధ్య తిప్పి, పురి ఏ వైపు తిరిగిందో చూసి, కుడిపురిది ఒకటీ ఎడమపురిది ఒకటీ తీసుకుంది. తాడు కొనేవాళ్లు ఎంత బరువు ఆగుతుందని అడుగుతారు. పురి ఎటు తిరిగిందో చూసి కొన్నవాళ్లను నేను అంతవరకు చూడలేదు. ఎందుకని అడిగాను.

ఆవిడ సంచిలోంచి తడిగుడ్డలో చుట్టిన మట్టిముద్ద తీసింది. కొసపేట కుమ్మరుల దగ్గర అప్పుడే కొన్నదట. గల్లా పక్కనున్న చెక్క మీద దాన్ని చపాతీలా ఒత్తి, తాడు ముక్క పెట్టి అరచేత్తో దొర్లించింది. తాడు వెళ్లిన దారంతా వడ్లగింజలు వరుసగా పేర్చినట్టు అచ్చు పడింది. రెండో తాడుతో దొర్లిస్తే గింజలు రెండో వైపు వాలి పడ్డాయి. వేల ఏళ్ల కిందట తమ దేశంలోని మనుషులు కుండలు కాల్చేముందు ఇలా తాడుతో అచ్చులు వేసేవాళ్లని, ఆ కాలానికే జోమోన్ అని పేరని, జోమోన్ అంటే తాడు ముద్ర అని చెప్పింది. ఆ వారం తన దగ్గర చదువుకునే పిల్లలకు చేసి చూపించడానికట ఆ తాళ్లు.

ఆవిడ వెళ్లిపోయాక ఆ మట్టి అచ్చును చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మా బంధువుల్లో నగల అంగళ్లవాళ్లు, బట్టల అంగళ్లవాళ్లు ఉన్నారు. పెళ్లిళ్లలో మేము కనబడితే "కయిరుకడై వాళ్లు వచ్చినారు" అనుకునేవాళ్లు. అంటే తాళ్ల అంగడివాళ్లు అనే. మాటలో తప్పేమీ లేదు, ఆ గొంతులోనే ఏదో ఉండేది. అలాంటిది, ఒక దేశం తన చరిత్రలో వేల ఏళ్లకు తాడు పేరు పెట్టుకుంది. సాయంత్రం మా ఆయనకు చెబితే ఆయన అచ్చు మీద వేలు రాసి చూసి నవ్వారు. "మనల్ని నవ్వినోళ్లందర్నీ పిలుచుకోనొచ్చి చూపించాల ఇది" అన్నారు.

ఆవిడ మళ్లీ వచ్చింది. భర్తకు కార్ల కంపెనీలో ఉద్యోగమని, ఎన్నూరు రేవు నుంచి కార్లు ఓడలకెక్కించే పని చూస్తాడని, తను సాయంత్రాలు పురసవాక్కంలోనే ఒక బట్టల దుకాణం మేడ మీద జపనీసు నేర్పుతానని చెప్పింది. మా ఇంటికి ఐదు నిమిషాల నడక. చేరతానని నేను అన్నప్పుడు ఆవిడ ఆశ్చర్యపోలేదు. మా ఆయన మాత్రం ఒక్క క్షణం నన్ను తేరిపార చూశారు. "సరి, పో. ఈడ నేను చూసుకుంటా. సాయంత్రం పూట నీది" అన్నారు.

క్లాసులో నేనే పెద్దదాన్ని. మిగతావాళ్లు ఐటీ ఆఫీసుల నుంచి మెడలో కార్డులు తియ్యకుండానే వచ్చే పిల్లలు. మొదటి వారం మూలన కూర్చున్నాను. రెండో వారానికి నాకో సంగతి తెలిసింది. ఆ పిల్లలు ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషులోకి మార్చుకుని, అక్కణ్ణించి జపనీసులోకి తిప్పుతున్నారు. దారిలో మాటలన్నీ తలకిందులవుతున్నాయి. నేను తెలుగులోంచి సూటిగా వెళ్లేదాన్ని. మనకు లాగే వాళ్లకూ క్రియ చివర్న వస్తుంది. అంగడికి, అంగడిలో, అంగడి నుంచి అని మనం వెనక తగిలించినట్టే వాళ్లూ తగిలిస్తారు. రాత మాత్రం ప్రాణం తీసింది. సెన్సెయ్, అంటే మా టీచరు, నేను రాసిన అక్షరాలు చూసి పెదవి బిగబట్టి నవ్వు ఆపుకునేది. కానీ మాట్లాడటంలో ఏడాది తిరిగేసరికి క్లాసులో నన్ను దాటినవాళ్లు లేరు.

విరామంలో పిల్లలు తరచూ ఒక వాదన పెట్టుకునేవాళ్లు. తమిళమూ జపనీసూ ఒక తల్లి బిడ్డలని కొందరు, కాదని కొందరు. ఒకేలా వినిపించే మాటలు ఫోన్లలో చూపించుకునేవాళ్లు. వరంగల్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉండేవాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అతనికి ఆ వాదన కంటే నా సంగతి వింతగా ఉండేది. ఒకరోజు అడిగాడు.

"ఆంటీ, మీరు తెలుగోళ్లే గని అసలు ఎక్కడ్నుంచి వచ్చిర్రు? నెల్లూరా, చిత్తూరా?"

ఎటూ కాదు, ఈ ఊరే అన్నాను. అట్ల కాదు, అంతకుముందు ఎక్కడ అన్నాడు. అతని తప్పేమీ లేదు. ఈ ప్రశ్న నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తమిళం మాట్లాడితే మీరు తెలుగువాళ్లా అంటారు. తెలుగు మాట్లాడితే ఇదేం తెలుగు అంటారు. మా అత్త బతికి ఉన్నప్పుడు ఆమెను ఎవరైనా అలా అడిగితే, కూరగాయల బుట్ట చంక మార్చుకుని నిదానంగా జవాబు చెప్పేది. "ఎప్పుడొచ్చినామో ఎవురికి తెలుసు? వొచ్చినాము, ఉండాము. ఇది మా ఊరు దా." మా ఊరే అని. నాకు అంత నిదానం లేదు. ఆ రోజు ఇంటికి నడుస్తూ, జపాన్‌వాళ్లను ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా, అడిగితే ఏం చెబుతారు అని మొదటిసారి ఆలోచించాను.

అడిగింది నేనే. మర్నాడు క్లాసు అయ్యాక సెన్సెయ్‌ను, మీరు ఎక్కడ్నుంచి వచ్చారు అన్నాను. ఆవిడ తన ఊరి పేరు చెప్పబోయింది. అది కాదు, మీ జనం మొత్తం, మొట్టమొదట, అన్నాను. ఆవిడ సర్దుకుంటున్న పుస్తకాలు కింద పెట్టేసింది.

ఆ తర్వాతి నెలల్లో నేను చదివినంత బళ్లో కూడా చదవలేదు. సెన్సెయ్ తన కొడుకు చదివిన బొమ్మల చరిత్ర పుస్తకాలు ఇచ్చింది. గల్లా దగ్గర కూర్చుని, ఒక్కో వాక్యం కూడబలుక్కుంటూ చదివాను. భూమి మంచుతో గడ్డకట్టిన కాలంలో సముద్రం వెనక్కి తగ్గిందట. అప్పుడు ఉత్తరాన ఆ దీవులకు నేల మీద నడిచి వచ్చినవాళ్లున్నారు, పడమటి నుంచి ఇరుకు సముద్రాలు దాటి వచ్చినవాళ్లున్నారు, దక్షిణాన దీవి నుంచి దీవికి పడవ వేసుకుని వచ్చినవాళ్లున్నారు. మంచు కరిగి సముద్రం పెరిగాక అక్కడివాళ్లు అక్కడే మిగిలారు. తాడు ముద్రల కుండలు చేసింది వాళ్లే. నేలలో గుంట తవ్వి పైన గడ్డి కప్పు వేసుకుని ఉండేవాళ్లు. అడవిలో దొరికే చేదు కాయలను నీళ్లలో నానబెట్టి చేదు విరిచి తినేవాళ్లు. తిన్న గుల్లలన్నీ ఒకచోట పారబోసేవాళ్లు. అలాంటి ఒక గుల్లల దిబ్బను ఒక విదేశీయుడు రైలు కిటికీలోంచి చూసి పోల్చుకున్నాడని చదివినప్పుడు పుస్తకం మూసేసి కళ్లు మూసుకున్నాను. చిన్నప్పుడు ఎన్నూరు వైపు మా మేనమామకు సున్నపు బట్టీ ఉండేది. కాలవలోంచి తీసిన గుల్లలు ఇంటి ఎత్తున తెల్లగా పోసి ఉండేవి, ఎక్కి జారేవాళ్లం. రైలు కిటికీలోంచి తెల్లటి గుట్ట కనబడటం ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అలా వేల ఏళ్లు గడిచాక పడమటి నుంచి, కొరియా వైపు నుంచి, మళ్లీ పడవలు వచ్చాయి. ఈసారి వచ్చినవాళ్లు వడ్లు తెచ్చారు. నీళ్లు నిలబెట్టి మడి కట్టడం తెచ్చారు. కంచు తెచ్చారు, ఇనుము తెచ్చారు, మగ్గం తెచ్చారు. క్యూషూ అనే దక్షిణపు దీవి ఉత్తరపు ఒడ్డున దిగారు. ఆ కాలానికి యయోయి అని పేరు. ముందునుంచీ ఉన్నవాళ్లూ కొత్తగా వచ్చినవాళ్లూ కొట్టుకున్నారా, కలిసిపోయారా అని సెన్సెయ్‌ను అడిగాను. రెండూ, అంది. బాణం ములుకు దిగిన ఎముకలూ దొరికాయి, పాత తీరు కుండా కొత్త తీరు కుండా ఒకే ఇంట్లోనూ దొరికాయి. అటుపైన గుట్టల్లాంటి పెద్ద పెద్ద సమాధులు కట్టించుకున్న రాజుల కాలం. అప్పుడు కూడా సముద్రం దాటి మనుషులు వస్తూనే ఉన్నారు. గుర్రాలు, అక్షరాలు వాళ్లతో వచ్చాయి. పాత ఎముకల్లోని జన్యువులను చదివిన కొందరు పరిశోధకులు ఇప్పుడు రెండు కాదు, మూడు ప్రవాహాలు అంటున్నారని కూడా చెప్పింది.

ఆ చలికాలంలోనే ఊళ్లో జపనీసు ఉపన్యాసాల పోటీ పెట్టారు. మొదటి బహుమతి జపాన్ ప్రయాణం. మా క్లాసు నుంచి నా పేరు ఇస్తానంది సెన్సెయ్. విషయం ఏమిటని అడిగితే, జపాన్ మనుషులు ఎక్కడి నుంచి వచ్చారో చెబుతానన్నాను. ఆవిడ ముఖం మారింది. వద్దంది. దోసె గురించి చెప్పండి, మెరీనా గురించి చెప్పండి, మీ తాళ్ల అంగడి గురించి చెప్పండి. ఇది చెప్పొద్దు. ముందు వరుసలో పెద్ద పెద్ద కంపెనీలవాళ్లు కూర్చుంటారు. మేమంతా ఒకే జనం, ఎప్పటి నుంచో ఇలాగే ఉన్నాం అనుకోవడం కొందరికి ఇష్టం. బయటి మనిషి వచ్చి, అదీ నేర్చుకుంటున్న భాషలో, కాదంటే బాగుండదు. ఒక్క మాట జారినా మొత్తం చెడుతుంది.

నేను పట్టు వదల్లేదు. ఆదివారం ఆవిణ్ణి మా ఇంటికి భోజనానికి పిలిచాను. వంటింట్లో చపాతీ పిండి కలిపి ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆవిడ అటక మీది నుంచి వేలాడుతున్న పురికొస తెంపి, పిండి ముద్ద మీద దొర్లించడం మొదలుపెట్టింది. కాసేపటికి తలెత్తకుండానే చెప్పింది. ఆవిడది ఒకినావా, దక్షిణాన చివరి దీవులు. చదువుకోవడానికి టోక్యో వెళితే, ఆ కనుబొమలూ కళ్లూ చూసి ఏ దేశం అని అడిగేవాళ్లట. జపాన్ అంటే, అది కాదు, అంతకుముందు ఎక్కడ అనేవాళ్లట. తర్వాత్తర్వాత తెలిసింది, తాడు ముద్రలు వేసిన ఆ పాత మనుషుల రక్తం ఉత్తరాన ఐనూ జనంలోనూ దక్షిణాన తన దీవుల్లోనూ మిగతా జపాన్ కంటే ఎక్కువగా నిలిచి ఉందని.

"ఎవరికంటే ముందు నుంచి ఉన్నవాళ్లమో, వాళ్లే మమ్మల్ని ఎక్కడి నుంచి వచ్చారని అడిగారు" అంది తమిళంలో. నా కూతురి వయసులో ఏడవని ఏడుపు ఇప్పుడు వస్తోందని చెప్పి, చీర కొంగు లేదు గదా, చపాతీ పిండి అంటిన చేతి వెనకవైపుతోనే కళ్లు తుడుచుకుంది. ముక్కు మీద పిండి అంటుకుంది. ఇద్దరం నవ్వేశాం. అచ్చులు పడ్డ ఆ చపాతీలనే కాల్చుకుని తిన్నాం.

ఆ రోజు నుంచి ఆవిడ నాకంటే మొండిగా తయారైంది. రాసింది కొట్టేయించి మళ్లీ రాయించేది. "అంటారు" అనాల్సిన చోట "అంతే" అని రాస్తే ఊరుకునేది కాదు. రుజువైనదేదో, ఊహ ఏదో వేరువేరుగా వినబడాలనేది. నేను బస్సులో పెదవులు కదుపుతూ ఉంటే పక్కవాళ్లు జపం అనుకునేవాళ్లు. మా ఆయన రాత్రి భోజనం దగ్గర ఒక్క ముక్క అర్థం కాకపోయినా మొత్తం వినేవారు. ఎక్కడ తడబడ్డానో మాత్రం ఠక్కున పట్టేసేవారు.

పోటీ రోజు హాలు నిండిపోయింది. నా ముందు మాట్లాడినవాళ్లంతా ఇరవై ఏళ్ల పిల్లలు, గడగడా మాట్లాడారు. నేను తెర వెనక పట్టుచీర కుచ్చిళ్లు పదే పదే సర్దుకుంటూ నిలబడ్డాను. వరంగల్ అబ్బాయి సెలవు పెట్టి మరీ వచ్చాడు. నా దగ్గరికి వచ్చి, మెల్లగా అన్నాడు.

"ఆంటీ, భయపడకుర్రి. గల్లా కాడ కూసొని చెప్తున్నట్టె చెప్పుర్రి."

నా పేరు పిలిచారు. ఒక చేతిలో తాడు, ఒక చేతిలో పలక మీద పరిచిన మట్టి పట్టుకుని వెళ్లాను. మాటలకంటే ముందు తాడు దొర్లించి, అచ్చు పడ్డ మట్టిని హాలు వైపు తిప్పి చూపించాను. ముందు వరుస కొంచెం ముందుకు వంగింది. తర్వాత మొదలుపెట్టాను. మంచు కాలం అయింది, గుల్లల దిబ్బలు అయ్యాయి, వడ్లు తెచ్చిన పడవలు ఒడ్డు చేరాయి. రాజుల గుట్టల దగ్గరికి వచ్చేసరికి నోట్లోంచి మాట రాలేదు. బట్టీ పట్టిన వాక్యాలన్నీ ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోయాయి. హాల్లో ఎవరో దగ్గారు.

అప్పుడు రాసుకున్నదంతా వదిలేశాను. అంగడికి వచ్చిన మనిషికి సరుకు గురించి చెప్పినట్టు, నాకు వచ్చిన చిన్న చిన్న మాటలతో చెప్పాను. మాది తాళ్ల అంగడి అన్నాను. ఒంటి పోగును మేము తాడు అనం, అది తెగిపోతుంది. మూడు పోగులు కలిపి పేనితేనే తాడు. పేనాక, ఏ పోగు మొదటిదని అడిగితే ఎవరూ చెప్పలేరు, చెప్పాలంటే తాడు విప్పెయ్యాలి. మాది తెలుగు, మేము ఉండేది తమిళుల ఊళ్లో, ఎప్పుడు వచ్చారని అందరూ అడుగుతారు, మా అత్త చెప్పేది ఇదీ, అని అత్త మాటను జపనీసులో చెప్పాను. ఆ మాటకు హాల్లో నవ్వు లేచింది, మంచి నవ్వు. సముద్రం దాటి ఎప్పుడెప్పుడో వచ్చినవాళ్లంతా కలిసి అయిన జనం జపాన్‌వాళ్లు, ముందునుంచీ ఉన్నవాళ్లు ఇప్పటికీ వాళ్ల ముఖాల్లో ఉన్నారు, ఉత్తరానా దక్షిణానా ఇంకా ఎక్కువగా ఉన్నారు, అని ముగించాను.

ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నడుమ ఉన్నాయన వయసులో పెద్ద, తెల్లజుట్టు. ఆయన మైకు అందుకున్నారు. ఈ ఊళ్లో చాలామంది తమిళానికీ జపనీసుకూ చుట్టరికం ఉందంటారు, మీరేమంటారు అని అడిగారు. హాలంతా తమిళులు. అవునంటే చప్పట్లు మోగుతాయని నాకు తెలుసు. సెన్సెయ్ నేర్పిన "అంటారు" గుర్తొచ్చింది.

"ఉందని కొందరు పండితులు అంటారు. ఎక్కువమంది ఒప్పుకోలేదు" అన్నాను. "నాకు తెలిసింది ఒకటే. మా భాషలోనూ మీ భాషలోనూ క్రియ చివర్న వస్తుంది. అందుకని నేను మీ మాట పూర్తయ్యేదాకా వింటాను. చుట్టాలం కాకపోయినా దానితో స్నేహం కుదురుతుంది."

ఆ తెల్లజుట్టాయనే ముందు చప్పట్లు కొట్టారు. వెనక వరుసలోని తమిళ పిల్లలు లేచి నిలబడి కొట్టారు. నా పేరు మొదటి బహుమతికి పిలిచినప్పుడు సెన్సెయ్ అంతమందిలో నన్ను వాటేసుకుంది. తర్వాత కంపెనీ పెద్దల్లో ఒకాయన నా దగ్గరికి వచ్చి, తన అమ్మమ్మది ఉత్తరాన ఐనూ జనం ఉండే హొక్కయిదో, ఈ సంగతులు ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు, ఈ రాత్రి అమ్మకు ఫోన్ చేస్తాను అని, వంగి నమస్కరించాడు. మర్నాడు మా సందులో ప్రతి అంగడివాళ్లూ మెట్టెక్కి వచ్చి పలకరించారు. మా ఆయన మట్టి పలకను గల్లా వెనక దేవుడి పటాల పక్కన పెట్టారు.

బహుమతి ఒక్కరికే. మా ఆయన తన టిక్కెట్టు తనే తీసుకున్నారు. పెళ్లిళ్లకు తప్ప అంగడి మూయని మనిషి, తలుపుకు తాళం వేసి బోర్డు తగిలించారు. జూన్‌లో వెళ్లాం. ఎక్కడికి వెళతారని పోటీ పెట్టినవాళ్లు అడిగితే వాళ్లు చూపించే గుళ్లూ తోటలూ కాదని, క్యూషూలో మొదటి వరిమడులు దొరికిన చోటుకు తీసుకెళ్లమన్నాను.

అక్కడ ఊరి మధ్యలో, ఇళ్ల నడుమ, ఒక చిన్న ప్రదర్శనశాల ఉంది. అద్దం కింద బొగ్గులా నల్లబడ్డ వడ్లగింజలున్నాయి. గోడ పక్కన, తవ్వకాల్లో బయటపడ్డ మడి బురదలో మనిషి పాదాల అచ్చులున్నాయి. ఐదు వేళ్లూ తెలుస్తున్నాయి. మా ఆయనకు తెలుగులో చెబుతున్నాను, ఇదిగో, మొదటి వరి ఇక్కడే, ఈ అడుగు పడవ దిగినవాడిదో, ముందునుంచీ ఉండి నాటడం నేర్చుకున్నవాడిదో ఎవరికీ తెలియదు అని. పక్కనే ఒక ఆడవాళ్ల గుంపు ఉంది, అందరూ అరవై దాటినవాళ్లే. ఏ భాష అని అడిగారు. తెలుగు అని చెప్పి, ఏం చెబుతున్నానో జపనీసులో చెప్పాను. వాళ్లు ఇంకా చెప్పమన్నారు. అక్కడి స్వచ్ఛంద గైడు, పెద్దాయన, పక్కకు జరిగి తన కర్ర నా చేతికిచ్చి, మీరే చెప్పండి అన్నారు. గుల్లల దిబ్బల నుంచి రాజుల గుట్టల దాకా చెప్పాను, అద్దం పెట్టె నుంచి అద్దం పెట్టెకు నడుస్తూ. తడబడితే పెద్దాయన మాట అందించారు. చివర్లో వాళ్లంతా నవ్వుతూ తలలు వంచారు, నేనూ వంచాను.

ఆ ఆడవాళ్లు వచ్చింది చూడటానికి కాదని తర్వాత తెలిసింది. వెనకాల పాత పద్ధతిలో కట్టిన మడి ఉంది. ఏటా ఆ రోజుల్లో ఊరివాళ్లు కలిసి నాటు వేస్తారట. రండి అన్నారు. పుట్టి పెరిగింది సిమెంటు ఊళ్లో, వరిమడిలో కాలు పెట్టింది లేదు. చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని దిగాను. బురద చల్లగా, మెత్తగా, పిక్కల దాకా లాగింది. ఒకావిడ నారు పిడికిట్లో పెట్టి ఎలా గుచ్చాలో చూపించింది. గట్టు మీద నుంచి మా ఆయన నవ్వుతూ నిలబడ్డారు. కాసేపటికి చెప్పులు విడిచి, ప్యాంటు మడుచుకుని ఆయనా దిగారు.

"జరుగు, వంకరగా పోతా ఉండావు" అన్నారు.

ఆయన ఒక కొస, నేను ఒక కొస, ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా ఒక వరుస మొత్తం మేమే నాటాం.